మిలిటరీ బొమ్మ చూసి పోయిన సినిమా

ఇది ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే మొదట చెప్పవలసింది, నాకు రాయడం రాదు కాబట్టి అని. మాది నేత పని చేసే ఇల్లు. ఆడపిల్లకు దారం కండెలు చుట్టడం వస్తే చాలుననుకునే కాలంలో పుట్టి, పుట్టింట్లో రాట్నం ముందు నుంచి లేచి, అత్తగారింట్లో రాట్నం ముందు కూర్చున్నదాన్ని. అక్షరాలు దిద్దేనాటికి నా తల సగం నెరిసింది. నేర్పింది మా ఆయనే. మిలిటరీలో ఉండి వచ్చినవాడు కాబట్టి తెలుగు కాక హిందీ, కొంచెం ఇంగ్లీషు కూడా చదివేవాడు. మగ్గం పక్కన గడప మీద నన్ను కూర్చోబెట్టి, నేను ఒత్తులు పలకలేక విసుక్కుంటే తను విసుక్కోకుండా, బడి పంతులు కంటె ఓపికగా నేర్పాడు.

రాయడం వచ్చాక కూడా ఈ సంగతి రాయలేదు. ఆయన పక్క గదిలో ఉండగా ఆయన గురించి కాగితం మీద పెట్టడం, మనిషి ఇంట్లో ఉండగానే వీధిలో నిలబడి అతని మాట చెప్పుకున్నట్టుగా తోచేది. కిందటి చలికాలంలో ఆయన జ్వరం వచ్చి పోయాడు. ఆ తర్వాత నాకు తీరిక దొరికింది, కాగితాలు దొరికాయి, పెన్ను పట్టుకుంటే మాత్రం సిగ్గు వేసింది. మా పుట్టింటి బతుకమ్మల గురించి, మా అవ్వ చేసే సకినాల గురించి రాసుకున్నాను. ఇది మాత్రం మొదలుపెట్టిన ప్రతిసారీ ఆగిపోయింది.

మొన్న మధ్యాహ్నం కందిపప్పులో రాళ్ళు ఏరుతూ టీవీ ముందు కూర్చున్నాను. మా కోడలు ఒక ఛానెల్ తర్వాత ఇంకొకటి మారుస్తూ పోతుంటే, ఒకచోట మిలిటరీ బట్టలు వేసుకున్న మనిషి బొమ్మ వచ్చింది. ముఖం సగం వెలుగులో, సగం చీకట్లో. నేను ఎక్కడున్నా గుర్తుపట్టే బొమ్మ అది. దాని కింద సినిమా పేరు వచ్చింది. నా అలవాటు ప్రకారం పెదవులు కదిలిస్తూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. పేరు మొత్తం ఇక్కడ రాయను కానీ, అందులో ప్రేతం అనే మాట ఉంది.

"అది దయ్యాల సినిమా అత్తమ్మా, నువ్వు జడుసుకుంటవ్" అని కోడలు వెంటనే మార్చేసింది. నేను ఒళ్ళో చాట అలాగే పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. జడుసుకుని కాదు. ఆ సినిమా నేను చూసిందే. దాని పేరు మాత్రం మొన్ననే మొదటిసారి చదివాను.

మా ఊరు భువనగిరికి దగ్గర. బస్సులో పోతుంటే గుట్ట మీది కోట చాలా దూరం నుంచే కనిపిస్తూ ఉంటుంది. ఊళ్ళో మా వీధి నేతవాళ్ళ వీధి. మా తరం వాళ్ళకు చెప్పనక్కర లేదు కానీ, చిన్నవాళ్ళెవరైనా చదివితే వాళ్ళ కోసం ఒక సంగతి చెప్పాలి. మగ్గం ఇంట్లోనే ఉంటుంది, నేసేది ఒక్క మనిషే, కానీ ఆ నేత మొదలు కావాలంటే వీధి వీధంతా కావాలి. పడుగు నూలును, అంటే బట్టలో నిలువుగా ఉండే పోగులను, వీధి పొడుగునా ఒక కొస నుంచి ఇంకో కొస దాకా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, రెండు వైపులా మనుషులు నడుస్తూ పెద్ద కుంచెలతో దువ్వి, ఎండ ముదరక ముందే ఆరబెట్టి చుట్టెయ్యాలి. అది ఇంటి మనుషులతో అయ్యే పని కాదు. ఈ రోజు మీ పడుగుకు మేం వస్తే, రేపు మా పడుగుకు మీరు వస్తారు. కూలి లేదు, ఒక చాయ్, గుప్పెడు అటుకులు, అంతే. కాబట్టి మా వీధిలో ఎవరితోనైనా పోట్లాడినా, ఆ పోట్లాట పడుగు రోజు దాకా లాగేవాళ్ళు కాదు.

చేతులు రాకపోతే మగ్గం ఆగిపోయినట్టే. అలా ఆగిపోయిన ఇల్లు ఒకటి మేం కళ్ళారా చూశాం. మా వెనక వరుసలో ఒకాయన ఉన్నట్టుండి తనలో తను మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. గాలి సోకిందన్నారు. అలాంటి మనిషి చెయ్యి పడితే పడుగులో పోగులు తెగిపోతాయని ఎవరో అన్నారు. అంతే, అతన్ని ఎవరూ పిలవలేదు, అతని పడుగుకు ఎవరూ పోలేదు. ఆ మగ్గం కట్టెలు ఆ ఇంటివాళ్ళు ఆ ఏడు పొయ్యిలో పెట్టుకున్నారు. ఆ ఇంటికి పోకుండా ఆగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా ఆయన మిలిటరీ నుంచి పూర్తిగా ఇంటికి వచ్చింది మన రాష్ట్రం వచ్చిన సంవత్సరమే, అదీ ఆ సంబరాల రోజుల్లోనే. ఊరంతా పటాకులు కాలుస్తున్నారు. బస్సు దిగిన మనిషి వీధి మధ్యలోంచి నడవకుండా, గోడలకు వీపు ఆనించుకుంటూ, ఒక్కో ఇల్లు దాటుకుంటూ వచ్చాడు. మెడలో పూలదండ వేయబోయిన పిల్లవాళ్ళ చేతులు ఠక్కున పట్టేసుకున్నాడు. రైల్లో నిద్ర లేక అలా ఉన్నాడని మేమంతా నవ్వుకున్నాం. తండ్రి దగ్గర నేర్చుకున్న పని కాబట్టి నెల తిరక్కుండా మగ్గం ఎక్కాడు. చేతి పని మరిచిపోలేదు. అంచు కలపడంలో మా మామ పనితనమే కనిపించేది.

మా మగ్గం గుంత మగ్గం. నేసేవాడు నేల మీద కూర్చుని కాళ్ళు గుంతలో పెట్టుకుంటాడు. కాళ్ళతో తొక్కే కర్రలన్నీ ఆ గుంతలోనే ఉంటాయి. మా ఊరికి అవతల గుట్టను రాయి కోసం పేలుస్తూ ఉంటారు. ఆ సప్పుడు మాకు పుట్టినప్పటి నుంచి అలవాటే. మా ఆయనకు మాత్రం అది పడేది కాదు. పేలుడు వినిపించగానే దారం కండె ఉండే నాడెను ఎక్కడిదక్కడ వదిలేసి, కాళ్ళు మాత్రమే పట్టే ఆ గుంతలోకి మనిషి మొత్తం దిగిపోయి, తల మీద రెండు చేతులు పెట్టుకుని ముడుచుకుని కూర్చునేవాడు. చాలాసేపు పైకి వచ్చేవాడు కాదు. పిలిస్తే పలికేవాడు కాదు. మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాను, ఆటకేదో చేస్తున్నాడనుకుని. రెండోసారి నవ్వు రాలేదు.

ఎవరైనా ఇంట్లోకి వచ్చేసరికి ఆయన అలా కనిపిస్తే, తొక్కుడు కర్ర తాడు తెగింది, కట్టుకుంటున్నాడు అని చెప్పేదాన్ని. మా ఆడబిడ్డకు కూడా అదే చెప్పాను. ఆమె మా ఆయనకు చెల్లెలు, మా వీధిలోనే ఇచ్చారు, నోరు కత్తెర. ఒకరోజు గడపలో నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకుని అంది.

"ఏం వదినె, మీ మగ్గానికి రోజుకో తాడు తెగుతదా? మా అన్న మిలిటరీల తుపాకి పట్టిండా, తాళ్ళు పేనిండా?"

"పాత తాళ్ళు, ఏం జేస్తం" అన్నాను నేను. ఆమె గుంత వైపు ఒకసారి చూసి, నా వైపు ఒకసారి చూసి పోయింది. ఆమెకు తెలుసునని నాకు తెలుసు. అయినా ఇద్దరం తాళ్ళ గురించే మాట్లాడుకునేవాళ్ళం.

ఆయన ఏం చూశాడో, ఎక్కడ చూశాడో నేను ఎప్పుడూ అడగలేదు. సెలవుకు వచ్చినప్పుడు ఎన్ని రోజులుంటావని అడిగేదాన్ని, పోయేటప్పుడు మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగేదాన్ని. మధ్యలో అడగడానికి ఏమైనా ఉంటుందని మా కాలం ఆడవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. నాకున్న భయం ఒక్కటే, ఈ సంగతి వీధికి తెలియకూడదు. తెలిస్తే ఆ వెనక వరుస ఇంటికి పట్టిన గతే మాకు పడుతుంది.

అలా రెండు మూడేళ్ళు నెట్టుకొచ్చాం. ఒక ఎండాకాలం నేను, మా ఆడబిడ్డ రంగులు కొనడానికి భువనగిరి పోయాం. బస్టాండు గోడ మీద పెద్ద పోస్టరు అంటించి ఉంది. మిలిటరీ బట్టల్లో ఒక మనిషి, ఛాతీ మీద పతకం, ముఖం సగం నల్లగా ఉంది. ఎండకు కాగితం పాడైందనుకున్నాను. పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మా ఆడబిడ్డకూ నాలాగే చదువు లేదు. పేరేమిటని ఎవరినైనా అడగాలంటే చదువు రాదని ఒప్పుకున్నట్టవుతుందని, పక్కన డబ్బాలో పాన్ అమ్ముకునే మనిషిని ఇంకో రకంగా అడిగాను.

"ఇది మిలిటరీ సినిమానా తమ్మీ?"

"అవు అక్కా, మిలిటరీ ఆయన కథనే. మస్తు నడుస్తాంది" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. నేనే దాన్ని నాకు కావలసినట్టు అందుకున్నాను. సైనికుల వీరత్వం గురించిన సినిమా అయ్యుంటుంది, జెండా ఉంటుంది, పాటలుంటాయి, జనం చప్పట్లు కొడతారు, అది చూస్తే మా ఆయన మనసుకు హాయిగా ఉంటుంది, తను చేసిన కొలువు ఎంత గొప్పదో తనకే మళ్ళీ గుర్తొస్తుంది అని ఆ బస్టాండులో నిలబడే అనుకున్నాను. ఇంటికి వచ్చేదాకా ఆగలేక బస్సులోనే మా ఆడబిడ్డతో పందెం వేసినట్టు చెప్పాను, అన్నను తీసుకుని ముగ్గురం పోదామని. మా పడుగు రోజుకు ముందు రోజు మ్యాట్నీకి అనుకున్నాం. పడుగు రోజుకు మనుషులను పిలవడం అప్పటికే అయిపోయింది, గంజికి బియ్యం కూడా దంచి పెట్టుకున్నాను.

ఆయన రానంటాడేమోనని అనుమానపడ్డాను. రాననలేదు. నేను ఇస్త్రీ చేయించి తెచ్చిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. థియేటరు దగ్గర టికెట్లు తీసుకుని వెనక్కి తిరిగేసరికి, లోపలి గోడ మీది పోస్టరు ముందు నిలబడి ఉన్నాడు. చాలాసేపు చూశాడు.

"గీ సినిమాకేనా?" అన్నాడు.

"ఇదే. నీ కోసమే తెచ్చిన. మిలిటరీ సినిమా" అన్నాను. నా ముఖం అప్పుడు ఎంత వెలిగిపోయి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఆయన నా ముఖం చూశాడు. మళ్ళీ పోస్టరు చూశాడు. "సరె, పా" అన్నాడు.

ఆయనకు చదవడం వచ్చు. అది నాకు ఆ రోజూ తెలుసు, అయినా ఆయన ఆ పేరు చదివి కూడా లోపలికి వచ్చాడన్న సంగతి మొన్న కందిపప్పు చాట ఒళ్ళో పెట్టుకుని ఆ అక్షరాలు నేనే కూడబలుక్కునేదాకా నా బుర్రకు ఎక్కలేదు. అన్నేళ్ళు నాకు అక్షరాలు నేర్పిన మనిషి ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

సినిమా మొదట్లో జెండా నిజంగానే ఉంది. నేను మా ఆడబిడ్డను మోచేత్తో పొడిచి, చూశావా అన్నట్టు కళ్ళెగరేశాను. ఆ తర్వాత కథానాయకుడు యుద్ధం నుంచి ఇంటికి వస్తాడు. ఇంట్లో గోడల వెనక నుంచి ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తుంటుంది. చచ్చిపోయిన తన తోటి సిపాయి, నోటి నిండా మట్టితో, అన్నం తినేటప్పుడు ఎదురుగా వచ్చి కూర్చుంటాడు. ఆ సిపాయి ఇంకెవరికీ కనిపించడు. భార్య పిలిస్తే ఇతను తిరిగి చూసే చూపులో తెల్లగుడ్లు తప్ప ఏమీ ఉండవు. ప్రతిసారీ సప్పుడు ఒక్కసారిగా పెంచేసి హాలు దద్దరిల్లేట్టు చేసేవాళ్ళు. ముందు వరుసల్లో కుర్రాళ్ళు కేకలు, ఈలలు.

"వదినె, మిలిటరీ సినిమాంటివి, గీనింట్ల గిదేంది? గా మట్టి మూతోన్ని ముందుగాల బయటికి పంపుమను, బువ్వ తిననిస్తలేడు" అని మా ఆడబిడ్డ నా చెవిలో గొణిగింది. నాకు నవ్వు వచ్చింది, భయమూ వేసింది. మనం సినిమా చూసేటప్పుడు ఉంటామే, అలాగే ఉన్నాను. పక్కన మా ఆయన ఉన్నాడన్నదే మరిచిపోయాను. ఎంత మరిచిపోయానంటే, తెర మీద ఆ మనిషి నిద్రపోతున్న భార్య మంచం పక్కన నిలబడి మెల్లగా ఆమె వైపు చెయ్యి చాపుతుంటే, పారిపో పారిపో అని నేను లోలోపల ఆమెకు చెబుతున్నాను.

సరిగ్గా అప్పుడే చీకట్లో నా చెయ్యి మీద ఒక చెయ్యి పడింది. చల్లగా, చెమటతో తడిసిపోయి ఉంది.

నేను గొంతు చించుకుని అరిచాను. ఆ చేతిని విదిలించి కొట్టి, మా ఆడబిడ్డ మీదికి ఒరిగిపోయాను. మా వరుస, వెనక వరుస అంతా గొల్లున నవ్వారు. "ఓ పెద్దమ్మా, దయ్యం తెర మీద ఉన్నది, నీ పక్కన లేదు!" అని ఎవడో అన్నాడు. నేనూ నవ్వాను, సిగ్గు కప్పుకోవడానికి. నవ్వుతూ పక్కకు తిరిగితే, మా ఆయన నేను విదిలించిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏదో చెబుదామనుకునేలోపే లేచి, వంగి, మనుషుల మోకాళ్ళ మధ్య నుంచి బయటికి పోయాడు.

నీళ్ళకు పోయాడనుకున్నాను. విరామం దాకా అలాగే అనుకున్నాను. ఆ తర్వాత ఇద్దరం బయటికి వచ్చి చూస్తే ఎక్కడా లేడు. ఎండ మండిపోతోంది. ఆ ఏడు ఇంటింటికీ నల్లా నీళ్ళ పైపుల కోసమని రోడ్ల పక్కన పొడుగునా కాలువలు తవ్వి పెట్టారు. థియేటరు ముందూ తవ్వారు, పైపులు ఇంకా వేయలేదు. ఆ కాలువ ఒడ్డున ఒకచోట జనం మూగి కిందికి చూస్తున్నారు. కొందరు ఫోన్లు పట్టుకుని ఉన్నారు. వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి నాకు తెల్ల చొక్కా కనిపించింది.

ఆ జనంలో మా వీధి చివరింటి పెద్దాయన ఉన్నాడు. ఏదో పని మీద భువనగిరి వచ్చినట్టున్నాడు, చేతిలో సంచి ఉంది. మా వీధిలో ఎవరి పడుగు ఏ రోజో చెప్పేది ఆయనే. ఆయన్ను చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. కొంగు తల మీదికి లాక్కున్నాను. ఎవరో "గీన ఎవలోళ్ళ మనిషి? తాగిండా, మతి లేనోడా?" అని అడుగుతున్నారు. నాలుగు అడుగులు ముందుకు వేసి నావాడే అని చెప్పవలసినదాన్ని, మనుషుల వెనక నిలబడి, అడిగినవాడి వీపు వైపు చూస్తున్నాను. ఆ పెద్దాయన చూస్తాడేమోనని ముఖం కూడా పక్కకు తిప్పుకున్నాను. ఎంతసేపో చెప్పలేను. చాలా కొంచెం సేపే అయి ఉంటుంది. అంత కొంచెం నాకు ఇన్నేళ్ళు సరిపోయింది.

మా ఆడబిడ్డ నన్ను తోసుకుని ముందుకు పోయింది. కొత్త చీర, ఆ రోజే మడత విప్పి కట్టింది. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మట్టి కుప్ప మీది నుంచి జారి, ఆ కాలువలోకి దిగింది.

"అన్నా, జర జరుగు. నాకు గింత జాగియ్యి. పైన ఎండ గొడ్తాంది" అంది.

మా ఆయన తల ఎత్తలేదు కానీ, జరిగాడు. ఆమె ఆయన పక్కనే, సినిమా హాల్లో కూర్చున్నంత మామూలుగా, మట్టిలో కూర్చుంది. పైకి చూసి జనాన్ని తిట్టింది. "ఏం సూస్తున్రురా? మీ ఇంట్ల మొగోళ్ళు లేరా సూడనీకి? గా ఫోన్లు లోపల వెట్టుండ్రి, పైకొచ్చిన్నంటె ఒక్కొక్కని చెంప వలుగుతది." నవ్విన వాళ్ళు నవ్వారు, పోయిన వాళ్ళు పోయారు. అప్పుడు నేనూ దిగాను. దిగానని చెప్పుకోవడానికి కూడా నాకు సిగ్గే, ఎందుకంటే అప్పటికి చూసేవాళ్ళు తగ్గిపోయారు.

చాలాసేపటికి ఆయన లేచాడు. ఇద్దరం చెరో వైపు పట్టుకుని బస్సెక్కించాం. కిటికీ పక్కన కూర్చున్నాడు. కోట గుట్ట దాటి బస్సు మా ఊరి దారికి మళ్ళాక, నా వైపు తిరగకుండానే అన్నాడు.

"నిన్ను జడిపిచ్చిన."

నేను చేసిన పనికి ఆయన నాకు క్షమాపణ చెప్పుకుంటున్నాడు. చీకట్లో భయమేసి పెళ్ళాం చెయ్యి పట్టుకోబోయిన మనిషి, ఆ పెళ్ళాన్ని భయపెట్టానని బాధపడుతున్నాడు. ఆ సినిమాలో ఆ భార్య పారిపోవాలని నేను కోరుకున్నాను. ఆ భర్త చెయ్యి ఎందుకు చాపాడో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ సాయంత్రం ఆయన పడుకున్నాక మా ఆడబిడ్డ చీరకు అంటిన మట్టి నా వాకిట్లోనే ఉతుక్కుంటూ, రేపటి మాట ఎత్తింది. "గా పెద్దాయన సూసిండు వదినె. ఈపాటికి అందరి గడపలు ఎక్కి దిగుంటడు. రేపు పడుగుకు ఎవలొస్తరు? ఎండదెబ్బ తగిలిందని చెప్దాం. గంతకంటె ఏం జేస్తం?" అంది. నేను తల ఊపాను. ఆ మాట నాకూ బాగుందనిపించింది. తాడు తెగిందనడం కంటే నమ్మదగ్గ మాట.

ఇప్పుడు మా వీధిలో పడుగులు సాగదీయడం లేదు. మిషను మీద చుట్టిన పడుగు ఆటోలో ఇంటికే వస్తుంది. కుంచె పట్టే చేతులు ఎవరికీ అక్కరలేదు, తెల్లవారకముందు ఒకరి తలుపు ఒకరు కొట్టే పని లేదు. మగ్గాలు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, వీధి నిండా మోటారు సైకిళ్ళు నిలబడి ఉంటాయి. ఇలాంటి జబ్బుకు ఇప్పుడు పేర్లున్నాయి, మా కోడలు టీవీలో విని చెబుతుంది, మందులూ ఉన్నాయి. మా ఆయనను కూడా తర్వాత నల్లగొండ పెద్ద దవాఖానలో చూపించాం. మాత్రలు రాశారు. గుంతలోకి దిగడం పూర్తిగా పోలేదు కానీ తగ్గింది. అదంతా మంచి మార్పే, కాదనను. కానీ పొరుగింట్లో ఎవరికి ఏం భయమో ఇప్పుడు ఎవరూ ఎవరికీ చెప్పరు, చెప్పవలసిన అవసరం ఎవరికీ పడదు. ఆ రోజుల్లో వీధి చేతులు పోతాయన్న భయంతోనే నేను దాచాను. ఆ చేతులు కావలసి రావడం వల్లనే చెప్పవలసి వచ్చింది. ఇప్పటిలా ఆటోలో పడుగు వచ్చి ఉంటే, నేను ఆ సంగతి ఎవరికీ చెప్పకుండానే చచ్చిపోయేదాన్నేమో. సినిమాకు పోయిన మర్నాడు మా పడుగుకు కొందరు వచ్చారు, కొందరు రాలేదు. తక్కువ మందితో ఎండ ముదిరేదాకా పట్టింది, పోగులు కూడా చాలా తెగాయి. తెగిన ప్రతి పోగునూ మా ఆడబిడ్డ, ఇది నా చేతి గుణమే అని గట్టిగా అంటూ ముడివేసింది.

కానీ దానికంటే ముందు, ఇంకా వెలుగు రాకముందు, నేను ముఖం కడుక్కుని నేరుగా చివరింటి పెద్దాయన దగ్గరికే పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని వేప పుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. నన్ను చూసి పుల్ల తీసి, నేను నోరు తెరవక ముందే అన్నాడు.

"ఎండదెబ్బ గదా బిడ్డా. గట్లనే జెప్పిన అందరికి. ఫికర్ జెయ్యకు."

ఆయన ముందు రోజు సాయంత్రమే నా తరఫున ఆ అబద్ధం ఇంటింటికీ మోసి వచ్చాడు. నేను ఎవరిని చూసి ముఖం తిప్పుకున్నానో ఆ మనిషే నా పరువు కాచిపెట్టాడు. ఔను పెద్దబాపూ అని వెనక్కి వచ్చేస్తే సరిపోయేది. నేను అరుగు ఎక్కి, ముందు రోజు కాలువ ఒడ్డున మింగేసిన మాట ఆయన ముందు పెట్టాను.

"ఎండదెబ్బ గాదు పెద్దబాపూ. మిలిటరీల ఏం సూసిండో, గది ఇంక ఆయన్ని ఇడుస్తలేదు. పెద్ద సప్పుడైతె భయపడ్తడు, యాడ గుంత కనవడితె ఆడ దిగి కూసుంటడు. నిన్న గా కాలువల ఉన్నది నా మొగడే, నేను ఆడనే నిలవడి గూడ చెప్పలే. ఇయ్యాల పడుగు కాడ ఆయన గూడ ఉంటడు, కుంచె వడ్తడు. తెలిసి వచ్చేటోళ్ళే రండ్రి."

ఆయన ఏమంటాడో వినడానికి ఆగలేదు. ఆగితే ఆ తర్వాతి ఇంటికి పోలేనని తెలుసు. అరుగు దిగి, పక్కింటి తలుపు కొట్టి, అదే మాట మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.